పులిహోరలో చక్కెర

జ్వరం తగ్గినా, ఏది తిన్నా మట్టి తిన్నట్టే ఉండేది. సూరత్‌లో మగ్గాల కార్మికులకు మెస్ నడిపేదాన్ని. వండే మనిషికే రుచి తెలియకపోతే ఎలా? ఊరి చివర ఉన్ అనే పేటకు వెళ్లే బస్సులో, పక్కన కూర్చున్న తెలుగావిడతో ఆ దిగులు చెప్పుకున్నాను. ఆవిడ డబ్బా మూత తీసి నా చేతిలో ఇంత పులిహోర పెట్టింది. పోపు వాసనే తగల్లేదు. కానీ రెండు ముద్దలు నమిలేసరికి నాకు ఒళ్లు మండింది.

"పులిహోరల చక్కెర ఏసుడేందక్కా?"

ఆవిడ పకపకా నవ్వింది.

"ఈడనే పుట్టి పెరిగిన, గిట్లనే అలవాటైంది. నీ నాలుక మంచిగనే ఉంది చెల్లె. పడిశానికి ముక్కు మూసుకుంది, గంతే. జర ఓపిక పట్టు."

చేతిలోది మెతుకు మిగల్చకుండా తిన్నాను. దిగాల్సిన స్టాపు వచ్చింది. లేస్తూనే, ఇంకొంచెం పెట్టమని చెయ్యి చాపాను.