రెండు ర్యాకులు, మూడు ‘నోటెడ్’లు

2011 సెప్టెంబరులో, ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజుల్లో, నేను హైటెక్ సిటీలో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీకి స్టోరేజ్ మేనేజర్ని. విదేశీ డాక్టర్లు రోగుల గురించి చెప్పి పంపిన రికార్డింగులు విని, మావాళ్లు రిపోర్టులుగా టైపు చేసేవారు. ఆ ఫైళ్లను క్షేమంగా దాచడం, అడిగినప్పుడు అందించడం నా విభాగం పని. నా కింద నలుగురు ఇంజనీర్లు. నా పైన ఎందరో నాకెప్పుడూ సరిగ్గా తెలియలేదు.

ఫైళ్లు ఒకే సర్వర్లో ఉండేవి కావు. ‘ఏ’ ర్యాకు, ‘బీ’ ర్యాకు అని సర్వర్లు పేర్చిన రెండు ఇనుప బీరువాలు. ప్రతి ఫైలుకూ అందులో ఒక ప్రతి, ఇందులో ఒక ప్రతి. రెండింటినీ కలిపి ఒకే ఫోల్డరుగా చూపించే ఫైల్ సిస్టం ఒకటుండేది. అది ఆపరేటింగ్ సిస్టం లోపల కూర్చునే రకం కాదు, బయట మామూలు ప్రోగ్రాంలా నడిచేది. ఒక ర్యాకు పడిపోతే రెండోది పని నడిపిస్తుంది. పడినది లేచాక, తను లేనప్పుడు జరిగిన మార్పులన్నీ నెమ్మదిగా రాసుకుంటుంది. ఈ మాట క్లయింట్లకు చెప్పీ చెప్పీ చివరికి నాకే గట్టి నమ్మకం కుదిరిపోయింది.

సమ్మెలోకి బొగ్గు గనుల కార్మికులు కూడా దిగడంతో నగరంలో కరెంటు కోతలు మొదలయ్యాయి. జనరేటర్లకు డీజిల్ దొరకడం కష్టమైంది. కోత పడినప్పుడల్లా సర్వర్ల నుంచి అలారం మెసేజులు వచ్చి ప్రాణం తీస్తుంటే, వాటిని నేనే ఆపించాను. మంగళవారం మధ్యాహ్నం ఇద్దరు టైపిస్టులు ఫోన్ చేసి, పొద్దున చేసిన దిద్దుబాట్లు ఫైల్లో కనబడటం లేదన్నారు. రిఫ్రెష్ కొట్టి టీ తాగి రమ్మన్నాను.

బుధవారం ఉదయానికి వ్యవహారం ముదిరింది. ఫైలు పేరు కనబడుతుంది, తేదీ కనబడుతుంది, తెరవబోతే ‘ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్’ అంటుంది. ఇలాంటప్పుడు ముందు అనుమతులు చూస్తాం, అంటే ఎవరికి ఏ ఫైలు తెరిచే హక్కుందో. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. డిస్కులు చూశాను, బాగున్నాయి. ఫైల్ సిస్టంను రెండుసార్లు ఆపి మళ్లీ నడిపించాను. మార్పు లేదు. పాత ఫైళ్లన్నీ బుద్ధిగా తెరుచుకుంటున్నాయి, మంగళవారం పని జరిగినవి మాత్రం మొండికేశాయి.

పదకొండింటికి హెచ్ఆర్ మేనేజర్ మూర్తి గారు ఒక కాగితంతో వచ్చారు. అది ఫైళ్లు కావాలనే చెడగొట్టాడన్న అనుమానంతో మా విభాగంలో ఇంజనీర్ యాదగిరిని సస్పెండ్ చేసే ఉత్తర్వు. కింద నా సంతకానికి ఖాళీ వదిలారు.

“నిన్న పన్నెండూ యాభైకి సర్వర్లోకి లాగిన్ అయ్యాడండి. ఒంటిగంటకి కొత్తగూడ చౌరస్తాలో వంటావార్పుకి వెళ్లాడు. ఇంకేం కావాలండి?” అన్నారాయన.

వంటావార్పు అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని తెలిపే నిరసన. యాదగిరి నల్లగొండ కుర్రాడు. మణికొండలో కిరాయి గదిలో ఉండేవాడు. ప్రొబేషన్ ఇంకా నెల మిగిలి ఉంది. ఈ కాగితం మీద నా సంతకం పడితే మరో కంపెనీ అతన్ని గుమ్మం ఎక్కనివ్వదు. నిజం చెప్పాలంటే నాకూ అనుమానం తగిలింది. గోదావరి జిల్లా నుంచి వచ్చి మియాపూర్‌లో ఫ్లాటు కొనుక్కున్నవాణ్ని. ఆ రోజుల్లో పక్కవాడు గట్టిగా తుమ్మినా ఉద్యమమేమోనని ఉలిక్కిపడేవాణ్ని.

యాదగిరిని పిలిచి లాగిన్ సంగతి అడిగాను.

“‘ఏ’ ర్యాకు బందైంది సార్, ఎందుకైందో చూద్దామని పోయిన. మీకు మెయిల్ పెట్టిన గదా. మీరు జవాబు గూడ ఇచ్చిండ్రు.”

మెయిల్ తీశాను. పొద్దున ‘బీ’ ఆగిందనీ, ఇప్పుడు ‘ఏ’ ఆగిందనీ, ఎవరైనా కావాలనే ఆపుతుంటే ఫైళ్లు చెడిపోతాయనీ స్పష్టంగా రాశాడు. దాని కింద నా జవాబు ఒకే ఒక్క మాట: ‘నోటెడ్’. ఆఫీసు భాషలో దానికి అర్థం, చదవలేదు గాని చదివినట్టే లెక్క అని.

ర్యాకులు ఆపేది ఎవరు? ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్ నర్సింలుని రప్పించాను. అతను కొత్తగూడ వాడే. ఇక్కడ రాళ్ల గుట్టలు తప్ప ఏమీ లేనప్పటి నుంచి ఉన్న మనిషి.

“నేనే సార్,” అన్నాడు ఏ బెరుకూ లేకుండా. “డీజిల్ జర చూసి వాడమన్నరు గదా. రెండిట్ల ఒకటే మాల్ ఉంటది, ఒకటి బందైనా ఫికర్ లేదని క్లయింట్లకు మీరే చెప్తరు. గందుకే పొద్దున ‘బీ’ బంద్ పెట్టిన. మధ్యాహ్నం ‘బీ’ మళ్ల చాలు జేసి, ఐదు నిమిషాలకు ‘ఏ’ బంద్ పెట్టిన. కరెంటోళ్లు గూడ గిట్లనే వంతులు పెడుతున్నరు. ఎప్పుడూ ఒకదాన్నే ఆపితే అన్యాయం గాదా?”

ఎవరిని అడిగి చేశావన్నాను. మెయిల్ పెట్టించానన్నాడు. వెతికితే అదీ దొరికింది. కింద నా జవాబు: ‘నోటెడ్, ప్లీజ్ ప్రొసీడ్’.

తప్పు నాదని అప్పటికే తెలిసిపోయింది. ఎలా జరిగిందో యాదగిరి చూపించాడు. ప్రతి ర్యాకూ, తను పనిచేస్తుండగా రెండోది ఏమేం తప్పిపోయిందో గుర్తు రాసుకుంటుంది. పొద్దున మార్పులు ‘ఏ’ రాసుకుంది, మధ్యాహ్నం మార్పులు ‘బీ’ రాసుకుంది. ఒకదాన్నుంచి ఒకటి దిద్దుకోవడానికి ఆ ఐదు నిమిషాలు చాలలేదు. రాత్రి రెండూ లేచి నిలబడ్డాక, నువ్వు వెనకబడ్డావంటే నువ్వు వెనకబడ్డావని ఒకదాన్నొకటి వేలెత్తి చూపుకున్నాయి. తీర్పు చెప్పేవాళ్లు లేక, ఫైల్ సిస్టం ఏ ప్రతినీ ఇవ్వనని భీష్మించుకుంది.

ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఏ ప్రతినీ పారేయడానికి లేదు, రెండింట్లోనూ నిజమైన పనే ఉంది. ఒక్కో ఫైలు రెండు ప్రతులూ బయటికి తీసి, టైపిస్టులను పిలిచి, దగ్గరుండి కలిపించాం. యాభై ఫైళ్లు అయ్యాక యాదగిరి నడుము విరుచుకుని, “ఇగ విడగొట్టుడే మంచిది సార్,” అన్నాడు నవ్వుతూ. నాకు వినపడనట్టు తర్వాతి ఫైలు తెరిచాను. సాయంత్రం ఆరింటికి ఆఖరి రిపోర్టు వెళ్లింది. ఆ వారంలోనే మూడో యంత్రం ఒకటి చిన్నది పెట్టించాం. దాని పనల్లా తగాదా వస్తే ఎవరి మాట నిజమో చెప్పడం.

సంతకం చేయని ఉత్తర్వు మూర్తి గారి చేతికిచ్చి, విచారణ నివేదికలో కారణం దగ్గర నా పేరు రాయమన్నాను. ఆయన నొచ్చుకున్నారు. మేనేజర్ పేరు బాగుండదండీ, ‘ప్రాసెస్ లోపం’ అని రాద్దామన్నారు. యాదగిరి అయితే మనిషి, నేనైతే ప్రాసెస్. నాకు ఒళ్లు మండింది. నా పేరే రాయించాను.

“అయినా ప్రసాద్ గారూ, సస్పెన్షన్‌కి మీరు పొద్దున్నే ఒప్పుకున్నారు కదండీ,” అన్నారాయన వెళ్తూ వెళ్తూ.

నేను ఒప్పుకోలేదన్నాను. ఆయన ఫోను తెరిచి చూపించారు. ఉదయం పదింటికి, ఫైళ్ల గొడవలో నేను తలమునకలై ఉండగా, యాదగిరిని సస్పెండ్ చేయదలిచామని ఆయన పంపిన మెయిల్. దాని కింద నా జవాబు: ‘నోటెడ్’.

ఆ ఉద్యోగంలో ఇంకో రెండేళ్లున్నాను. ప్రతులు రెండుంటే చాలదు, మూడో సాక్షి ఉండాలని ఆ బుధవారం తెలిసింది. ఆ మూడో యంత్రాన్ని కొనడం తేలిక. వచ్చిన మెయిల్ని చివరిదాకా చదవడం నేర్చుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది.