పాజ్‌లో పెట్టిన వీరుడు

మొన్నమొన్నటిదాకా ఆర్మూర్ పసుపు మార్కెట్‌లో ఎవరినడిగినా చెప్పేవారు, టీవీ గేమ్‌లో ముసుగువీరుడిని ఆఖరి మేడ దాకా ఎక్కించింది ఈ ముసలోడేనని. చెప్పకేం, వాళ్లకు చెప్పింది నేనే కదా.

ఆ గేమ్ పెట్టెను నా బావమరిది ఎన్నడో దుబాయి నుంచి తెచ్చాడు. అందులోవాడు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లోంచి దిగివచ్చిన వీరుడట. కళ్లకు నల్ల ముసుగు, వీపున ఎర్ర దుప్పటి, ప్యాంటు మీద చెడ్డీ. ఓడరేవులో, రైలు పట్టాల మీద రౌడీలను గుద్దుకుంటూ పోయి, మేడ ఎక్కి, పైనున్న ఇనుప చేతుల విలన్‌ను పడగొట్టాలి. అటక మీద పడి ఉన్న పెట్టెను నేను దించితే, పక్కింట్లో ఉండే టీవీ మెకానిక్, నా దోస్తు, దాన్ని మా లావు టీవీకి తగిలించి బతికించాడు. పాత పెట్టె కాబట్టి స్విచ్ ఆపితే ఆట మళ్లీ మొదటికొస్తుంది. అందుకని పాజ్ నొక్కి, టీవీ మీద తువ్వాల కప్పి, పనేమీ లేకపోయినా మార్కెట్‌కు పోయేవాణ్ణి.

అక్కడే అనుమానం పుట్టింది. ఓడరేవులో ఆపి పోయిన వీరుడు నేను వచ్చేసరికి రైలు పట్టాల మీద ఉండేవాడు. మొదట నా కళ్లను అనుమానించాను, తర్వాత పెట్టెను, ఆ తర్వాత దోస్తును. వైరు చూస్తానని రోజూ వచ్చిపోయేది అతనే. నా గొప్పలు నమ్మనిదీ అతనే. పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూడనిదే ధర చెప్పని ఊరు మాది. అందులో అతను అందరికన్నా రెండాకులు ఎక్కువ చదివాడు.

అయినా నోరెత్తి అడగలేదు. వీరుడు ముందుకు పోతుంటే మార్కెట్‌లో నా పేరూ పోతోంది మరి.

వీరుడు మేడ మీద ఇనుప చేతులవాడి ఎదుట నిలబడ్డ రోజు, చాయ్ హోటల్లో అందరి ముందూ దోస్తు అన్నాడు: "రేపు నమాజ్ అయినంక మీ ఇంటికొస్త. నా కండ్ల ముంగట గా ఇనుప చేతులోన్ని పడగొట్టు. లేకుంటే గీ హోటల్ల ఇంక నోరు తెరవొద్దు."

నోరు తెరవకుండా బతకడమా, నేనా?

మర్నాడు చూస్తే, ఆట ఆడే రిమోట్ మీద గుద్దే బటన్ చుట్టూ పచ్చటి మరక. దొంగ దొరికాడనుకున్నాను. దోస్తు రాగానే రిమోట్ ముందు పెట్టి, పాన్ డబ్బీలోంచి ఇంత సున్నం తీసి దాని మీద రాశాను. ఎర్రబడింది. పసుపే.

"నేను లేనప్పుడు నా ఆట ఆడుతున్నవు. ఒప్పుకో," అన్నాను.

అతను తన చేతులు చాపాడు. మసి, కాలిన మచ్చలు. తర్వాత నా చేతులు తిప్పి చూశాడు, కొమ్ములు చూసినట్టే.

"నా చేతులకు మసి ఉంది. నీ చేతులకు ఏం లేదు. నువ్వు బస్తా ముట్టక ఎన్నేండ్లయింది? జర సోంచాయించు యార్, గీ ఇంట్ల పసుపు చేతులెవరివి?"

వెనక వసారాలో పసుపు దంచుతున్న చప్పుడు ఆగింది.

మా ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి మా ముందున్న రిమోట్ తీసుకుంది. "తువ్వాల కప్పితే టీవీ కాలిపోతదని తీసిన. చూస్తే వాడు ఊకెనే నిలవడి ఉన్నడు. జర నడిపిద్దామనుకున్న," అంది, నాతో కాదు, దోస్తుతో.

"మరి గీయన?"

"ఈయన రైలు కాడికి కూడ రాలేదన్నా. ఓడల కాడ్నే సస్తుండె."

అదీ నిజం. ఓడరేవు దాటడం నావల్ల ఏనాడూ కాలేదు.

ఆమె కింద కూర్చుని పాజ్ తీసింది. తొందరపడలేదు. ఇనుప చేతులు నేలకు దిగినప్పుడల్లా ఒక గుద్దు, లేవగానే వెనక్కి. రోకలి పడేలోపు రోట్లోంచి చెయ్యి తీసే ఒడుపే అది. విలన్ కూలాడు. తెర మీద ఇంగ్లీషు అక్షరాలు పైకి పాకుతుంటే, "అయిపోయిందా?" అని అడిగి రోలు దగ్గరికి పోయింది.

మర్నాడు చాయ్ హోటల్లో నోరు తెరిచే హక్కు నాకు లేదు. తెరిచాను. నేనూ మా ఆవిడా కలిసి పడగొట్టామన్నాను. దోస్తు చాయ్ ఊదుకుంటూ నా చేతులవైపు చూశాడు. ఆవిడే పడగొట్టిందని దిద్దుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి వీరుడు మళ్లీ ఓడరేవులో నిలబడి ఉన్నాడు. తువ్వాల మడతపెట్టి ఉంది. రిమోట్ మాత్రం ఆవిడ ఎక్కడ దాచిందో, ఎంత వెతికినా కనపడలేదు.