హనుమంతు బాయి పేరు

నా నోరు కాస్త పెద్దది. నస్పూర్‌లో మా డయాలసిస్ సెంటర్‌కు వచ్చే ప్రతివాడూ ఈ నర్సమ్మ తిట్లు తిన్నవాడే, ఒక్క హనుమంతు తప్ప. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. సూది గుచ్చుతుంటే కూడా "జర నిమ్మళంగ బిడ్డా, గీ చెయ్యి నాదే" అని నవ్వేవాడు.

ఆ మధ్య మా ప్రాంతపు దవాఖానల కంప్యూటర్లన్నీ కలిపి, కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పెద్ద డాక్టర్లు పరిశోధన మొదలుపెట్టారు. చాలామంది పాత రిపోర్టులు ఎన్నో కొన్ని దొరికాయి. హనుమంతువి ఒక్కటీ లేదు. అన్నేళ్లు బాయిలో దిగిన మనిషి బాయి కార్మికుల దవాఖాన గడపే తొక్కలేదంటే ఎవరు నమ్ముతారు?

"ఏం దాస్తున్నవు తాతా?" అని నిలదీశాను. నవ్వి అటు తిరిగి పడుకున్నాడు.

అంతలో ఆయన కొడుకు రంజిత్‌కు కాళ్లు వాచాయి. పరీక్ష చేస్తే వాడి కిడ్నీలకూ దెబ్బ మొదలైంది. "ఇది మీ వంశంలో ఉన్న జబ్బా, వేరే కారణమా? మీ బాపు పాత రిపోర్టులుంటే తెలిసేది" అన్నాడు డాక్టర్ విద్యాధర్.

మర్నాడు హనుమంతు నన్ను దగ్గరికి పిలిచాడు. "బాయిల నా పేరు లచ్చయ్య. మా పెదనాయిన కొడుకు నౌకరి అది. వాడు భయపడి బాయిల దిగలే, వాని పేరు మీద నేను దిగిన. బయటపడితే పింఛన్ పోతది. పోతే పోనీ. నా కొడుకును సూడుండ్రి."

మా దగ్గర మారుపేర్లు కొత్తేం కాదు, నోరు విప్పేవాళ్లే ఉండరు. నాకు ఏడుపొచ్చింది. పరిశోధనలో పేర్లు కనబడవనీ, ఈ మాట డాక్టర్‌ను, నన్ను దాటదనీ అప్పుడు చెప్పాను. అది తెలియకముందే తెగించాడు మహానుభావుడు!

బాయి దవాఖానలో లచ్చయ్య పేరుతో ఉన్న రిపోర్టులు హనుమంతు ఫైలులో చేరాయి. వాటిలో సంగతి బయటపడింది: నడుంనొప్పికి ఏళ్ల తరబడి రోజూ నొప్పి గోళీలు మింగాడు, ఏటికేడు కిడ్నీలు దిగజారాయి. లారీ నడిపే రంజిత్ కూడా అవే గోళీలు మింగుతున్నాడు. డాక్టర్ వాటిని ఆ రోజే బంద్ చేయించాడు. వాడి కిడ్నీలు ఇంకా పాడవకుండా నిలబడ్డాయి.

"కానీ ఒక్కరితో పరిశోధన తేలదు. ఇలా పాత రిపోర్టులున్నవాళ్లు ఇంకా చాలామంది దొరకాలి" అన్నాడు డాక్టర్.

హనుమంతు ఆ మాట విన్నాడు. పక్క మంచం మీదున్న, తనలాగే బాయిలో పనిచేసిన రాజయ్య వైపు ఒరిగి గొంతు తగ్గించాడు. "ఓ రాజయ్యా, నీ బాయి పేరు గూడ చెప్పు. ఏం ఫికర్ లేదు, నేను చెప్పిన గదా."

రాజయ్య నన్ను రమ్మని సైగ చేశాడు.

"శ్రీహరి" అన్నాడు. "రాసుకో బిడ్డా."