పక్క పరుపు మీది పిల్ల

డెల్మర్ ఆస్ట్రాండర్‌కు ఎవరి మీదా నమ్మకం లేదు. ఆ మాట ఎదురుగా అంటే ఒంటికాలి మీద లేచేవాడు గానీ, నిజం నిజమే. గోధుమల గిడ్డంగిలో ముప్పై ఏళ్లు కాటా దగ్గర కూర్చుంటే ఎవరైనా అలాగే తయారవుతారేమో! లారీ వచ్చిందంటే ముందు డ్రైవరు మొహం చూసేవాడు, ఆ తర్వాతే తూకం.

వారమంతా గిడ్డంగి. నెలకో శని, ఆదివారాలు మాత్రం వైమానిక రిజర్వు దళం. ఆ దళం పెద్ద యుద్ధం ముగిశాక సరుకు విమానాలతో మొదలైంది. డెబ్బైల్లో వాటిని లాగేసుకుని ట్యాంకర్లు చేతిలో పెట్టారు. ఆకాశంలో పెట్రోలు బంకు అని కాన్సస్ రైతులు ఎగతాళి చేశారు. చేస్తే చేశారు, ఆ బంకే రెండు ఎడారి యుద్ధాలకు వెళ్లింది. సముద్రం దాటే విమానాలకు నడిమధ్యలో కడుపు నింపి పంపింది. దళంలో పంతులమ్మలున్నారు, ప్లంబర్లున్నారు, స్కూలు బస్సు నడిపేవాళ్లున్నారు. పిలుపొస్తే మూడు రోజుల్లో మూటాముల్లె సర్దుకోవాలి. వాళ్లు నడిపే విమానాలు వాళ్లలో చాలామంది కంటే వయసులో పెద్దవి.

డెల్మర్ పని ట్యాంకరు తోక కింద. కిటికీ ముందు పరుపు మీద బోర్లా పడుకుని, వెనకనుంచి వచ్చే విమానానికి దూరం చెబుతూ దగ్గరికి పిలిచి, బూమ్ అనే పొడవాటి ఇంధన గొట్టాన్ని దాని నెత్తిమీది రంధ్రంలో దించాలి. అంతా అడుగుల లెక్క. ఇరవై ఏడేళ్లలో ఒక్క గీత పడనివ్వలేదు. భార్య పోయాక ఆయనకు మిగిలిందల్లా ఆ కిటికీయే.

ఇప్పుడు ఆ కిటికీకే ఎసరొచ్చింది. ఎడమ కన్ను మసకబారింది. దూరాలు పోల్చుకోగలరో లేదో చూడటానికి ఏటా జరిగే కంటి పరీక్షలో, ఏ వరసలో ఏ సున్నా ముందుకు కనిపిస్తోందో చెప్పాలి. ఇన్నేళ్లుగా అదే పుస్తకం! ఆయనకు కంఠతా వచ్చు. గడగడా అప్పజెప్పేసి బయటపడ్డాడు. అప్పటినుంచి ప్రతివాడూ తన కన్నునే చూస్తున్నాడని అనుమానం. దళం పెద్ద కల్నల్ హటన్ "ఎలా ఉన్నావు డెల్?" అన్నా సరే, వీడికి ఎవడో చేరవేశాడు అనుకునేవాడు.

అన్నిటికంటే పెద్ద అనుమానం జానెల్ పర్విస్ మీద. ఆ పిల్లకు ఇరవై తొమ్మిదేళ్లు. వారమంతా బస్సు నడుపుతుంది. బూమ్ పని నేర్పింది డెల్మరే. అలాంటిది ఏడాదిగా తన ప్రతి ప్రయాణంలోనూ వచ్చి పక్క పరుపు మీద పడుకుంటోంది. పైగా హెడ్‌సెట్‌లో గొణుగుడు: "యాభై... నలభై... ముప్పై..." ఆయన నోరు తెరిచేలోపే అంకె చెప్పేస్తుంది. గురువునే మించాలనా? తన తప్పు పట్టుకోవాలనా?

ఒక శనివారం భోజనాల దగ్గర అడిగేశాడు.

"ఏం అమ్మాయ్, నాతోనే డ్యూటీ వెయ్యమని అడిగి మరీ వేయించుకుంటున్నావట?"

"ఎవరు చెప్పారు పెద్దాయనా?"

"చెప్పేవాళ్లు చెప్పారులే."

"అయితే ఎందుకో కూడా వాళ్లనే అడగండి," అని నవ్వి, దాల్చినచెక్క రొట్టె తుంచి, చిల్లీ అనే మాంసం కూరలో ముంచుకుంది.

ఆ నవ్వు ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. ఆ సాయంత్రమే కల్నల్‌కు కాగితం రాసి ఇచ్చాడు: పర్విస్ పని మధ్యలో మాట్లాడుతోంది, ధ్యాస చెడగొడుతోంది, ప్రమాదం.

కల్నల్ ఇద్దరినీ పిలిచాడు.

"నిజమేనా, పర్విస్? పని మధ్యలో అంకెలు చెబుతున్నావా?"

"చెబుతున్నాను సార్."

"ఎందుకు?"

జానెల్ ఒకసారి డెల్మర్ వైపు చూసింది. "అలవాటు సార్," అంది.

ఆమె రికార్డులో మందలింపు ఎక్కింది. డెల్మర్ ప్రయాణాల నుంచి తప్పించారు. ఆయన ఇంటికెళ్లి హాయిగా నిద్రపోయాడు. అవును, నిద్రపోయాడు, ఎందుకు దాచాలి!

మరుసటి నెల, ఆదివారం ఉదయం. ఎండ ఫెళ్లున కాస్తోంది. పక్క పరుపు ఖాళీ. వెనకనుంచి బూడిదరంగు సరుకు విమానం వస్తోంది, లోపల తొమ్మిదిమంది. "యాభై," అన్నాడు డెల్మర్. తర్వాత నలభై అనాలి. ఎప్పుడనాలి? చెవిలో ఏ గొంతూ లేదు. ఏడాదిగా తన కన్ను ఒక్క అంకె కూడా చెప్పలేదని, ఆ పిల్ల అన్నదే తాను అంటూ వచ్చాడని అప్పుడర్థమైంది.

"ముప్పై," అన్నాడు అంచనాగా.

"ట్యాంకర్, ఇంకా ముందుకు రమ్మంటారా?" అవతలి పైలట్ గొంతులో అనుమానం. అతని ముందద్దంలోంచి, ఎండకు అడ్డం పెట్టుకున్న చేతి గడియారం ముళ్లతో సహా కనిపిస్తోంది. ముప్పై అడుగుల్లో గడియారం ముళ్లు కనిపిస్తాయా! ఒక్క దెబ్బ, తొమ్మిది ప్రాణాలు.

"బ్రేకవే! బ్రేకవే! బ్రేకవే!" అని అరిచాడు. ఆ మాట వింటే వెంటనే విడిపోవడమే, ఎవరూ కారణం అడగరు. వెనక విమానం చటుక్కున కిందికి దిగింది, ట్యాంకరు పైకి లేచింది. అందరూ క్షేమం.

"ఏమైంది డెల్?" ముందునుంచి ట్యాంకరు పైలట్ అడిగాడు.

ఏదో ఒకటి చెప్పొచ్చు. గొట్టం వణికిందనొచ్చు, అవతలివాడు తొందరపడ్డాడనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా.

"నాకు దూరం తెలియడం లేదు. కన్ను పోయింది. వెనక్కి తిప్పండి."

దిగేసరికి జానెల్ విమానం దగ్గరే ఉంది. ఆమెకు మొహం చూపించలేకపోయాడు.

"ఆ రోజు కల్నల్‌కి ఎందుకు చెప్పలేదే పిచ్చిదానా?"

"చెబితే మిమ్మల్ని దింపేస్తారుగా. చెప్పాల్సింది పెద్దాయనా. తప్పు నాదీ ఉంది. ఈ ఉదయమంతా ఇక్కడే నిలబడ్డాను," అంది, ఏడుస్తూ.

"నోర్మూసుకో. ఆ మాట ఇంకెక్కడా అనకు."

వైద్యాధికారి గదిలో కాగితం ముందుపెట్టారు. ఎగరడం అయిపోయిందని అందులో ఉంది. సంతకం చేశాడు.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు డాక్టరు.

"ఏడాది."

"ఏడాదిగా పక్కన పడుకున్న మనిషికి కూడా తెలియలేదా?"

"తెలియలేదు."

డాక్టరు కలం ఆపి తేరిపార చూశాడు. కాటా దగ్గర లారీ డ్రైవర్లను డెల్మర్ చూసే చూపది.

"నేను నమ్మను, సార్జెంట్."

"మీ ఇష్టం. ఆ పిల్ల మీద నేనిచ్చిన కాగితం అబద్ధం. అది చింపేయమని కూడా రాసుకోండి," అన్నాడు డెల్మర్.