పటిక తిప్పని నీళ్లు

రావులపాలెం దిగువన కాలువలోకి జిగురు ఫ్యాక్టరీ గొట్టం తెరుచుకున్ననాటి నుంచి నీళ్లు మందు వాసన వేస్తున్నాయి. ఆ నీళ్లు విషమని తాగేవాళ్లే రుజువు చేసుకోవాలట. వదిలేవాడు నోరు విప్పనక్కర లేదట. ఇదెక్కడి న్యాయమని రాజమండ్రి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే సాయిదుర్గ రగిలిపోయింది.

జిగురు తయారీలో వాడే ఫినాల్ అనే విషం నీళ్లలో ఉంటే పట్టిచ్చే ఎంజైము ఒకటి మొక్కల్లో దొరుకుతుంది. ఫ్రిజ్‌లో ఉంచితే తప్ప నిలవదు. కరెంటు కోతలకు వేసవి వేసవికీ పాడైంది. దాంతో ఆమె ఎంజైము విద్యను ఇనుముకు నేర్పింది. ఇనుప లవణాలకు అమ్మోనియా చేర్చి, కంటికి ఆనని నల్లటి రేణువులు తయారుచేసింది. నీళ్లలో విడివిడిగా తేలినంతసేపూ అవి ఎంజైములాగే పనిచేస్తాయి, ఎండకు చెడవు. పెరాక్సైడూ రంగుమందూ జోడిస్తే ఫినాలున్న నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి.

2009 శ్రావణంలో, ఆ కాలువ నీళ్లే తాగే పాపాయమ్మ ఇంటి అరుగు మీద, కాలుష్య అధికారి ఎదుట నీళ్లలో ఫినాలుందని తేల్చాలి. తేలకపోతే ఊరి ఫిర్యాదు అక్కడితో సరి.

పాపాయమ్మ బిందెడు కాలువ నీళ్లు తెచ్చింది. సాయిదుర్గ సీసాలో పోసి మందులన్నీ కలిపింది. రంగు రాలేదు.

“ఏంటండీ మేడమ్ గారూ, మీ నీళ్లు సిగ్గుపడుతున్నాయా?” అన్నాడు ఫ్యాక్టరీ మేనేజరు దొరబాబు. “మా గొట్టం బంగారమండి. మీ ఇనుమే తుప్పట్టినట్టుంది!”

అధికారి లేవబోయాడు. సాయిదుర్గ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. రేణువులు అడుగున కాటుకలా ముద్దకట్టాయి. వరద రోజుల్లో ఎర్రగా ఉండాల్సిన నీళ్లు ఇంత తేటగా ఎందుకున్నాయి?

“పాపాయమ్మగారూ, ఇందులో పటిక తిప్పారా?”

“తిప్పకుండా ఎలాగమ్మా? ఆఫీసరు గారొస్తే బురద నీళ్లు పెడతామేంటి? మర్యాదుండొద్దూ!”

బురదను ముద్దచేసి కిందికి దించే పటిక, రేణువులనూ దించేసింది.

“ఇక సాకులు మొదలండి,” అన్నాడు దొరబాబు.

సాయిదుర్గ అతని వైపు చూడలేదు. “నా మాట నమ్మొద్దండి,” అంది అధికారితో. “గొట్టానికి ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా మీరే ముంచండి.”

ఆయనే ముంచి తెచ్చాడు. ఆమె రెంటినీ వడగట్టి, ఒకే కొలతన మందులు పోసింది. ఎగువ నీళ్లు మారలేదు. దిగువ నీళ్లు గోరింటాకు పండినట్టు మొదట లేతగా, తర్వాత చిక్కగా రంగెక్కాయి.

“మందెక్కువ పడిందేమోనండి,” అని గొణిగాడు దొరబాబు.

“రెంటికీ నా ఎదుటే పోశారు కదండీ. గొట్టం మూయించండి, ఇప్పుడే,” అన్నాడు అధికారి.

మనుషులు గొట్టం వైపు కదిలాక పాపాయమ్మ మజ్జిగ గ్లాసులు తెచ్చింది.

“తాగండి. నీళ్లు గొట్టానికి ఎగువవే. పటిక మాత్రం తిప్పానండి. అది మానను.”