రెజిమెంటల్ బజార్‌లో ఇరుక్కున్న రాకెట్

వినాయక చవితి ముందురోజు పొద్దున, ట్రాలీ మీద వచ్చిన రాకెట్ ఒకటి రెజిమెంటల్ బజార్ సందులో ఇరుక్కుంది. ఎడమ పక్క కరెంటు స్తంభం, కుడి పక్క విమలమ్మగారి వాకిలి రేకు. విమలమ్మ బయటికి రాలేకపోయింది. పాలవాడు లోపలికి పోలేక, ప్యాకెట్టు రాకెట్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

రాకెట్ విజయేందర్ చేతి పని. వెదురు బొంగులూ గుడ్డా ఇస్తే మంచుకొండైనా రాజుగారి కోటైనా నిలబెట్టేవాడు. బస్తీ గణపతి ఏటా అతను కట్టిన సెట్టింగులోనే కొలువుదీరేవాడు. కుర్రాళ్లంతా సాఫ్ట్‌వేర్ కొలువుల్లో చేరుతున్న ఆ ఏడు, మన దేశం తయారుచేస్తున్న కొత్త భారీ రాకెట్ కావాలంది కమిటీ. పేపర్లో బొమ్మ చూసి విజయేందర్ మురిసిపోయాడు. ఎప్పుడూ ముక్కలుగా తెచ్చి మండపంలో బిగించే మనిషి, ఈసారి అతుకు కనపడకూడదన్న మోజుతో అల్వాల్‌లోని తన షెడ్డులోనే మొత్తం కట్టేశాడు. సందు ఎంత ఇరుకో మాత్రం మరిచాడు.

కమిటీ ప్రెసిడెంటు మధుసూదన్ మెళ్లో కంపెనీ కార్డుతో, చేతిలో రంపంతో వచ్చాడు.

"పక్కల రెండు గొట్టాలు కోసేద్దామన్నా. నడిమిది చాలు. సన్నగ, స్మార్ట్‌గ ఉంటది."

విజయేందర్‌కు ఒళ్లు మండిపోయింది.

"కోస్తవా? ఏంరా మధూ, భూమి మీదికెల్లి పైకి లేపేటియే గా రెండు! ఒక్కోదాంట్ల రెండొందల టన్నుల మందు. నడిమిది పైకి పోయినంకనే అంటుకుంటది. నీ కాళ్లు కోసి, నడుముతోటి ఆఫీసుకు పో అంటే పోతవా?"

"గిది ఎగుర్తదా అన్నా? ఉత్త గుడ్డ!"

"గణపతి సుత ఉత్త మట్టే. మొక్కుతలేవా?"

అంటూ రంపానికి అడ్డం నిలబడ్డాడు. ముందు తనను కొయ్యమన్నాడు. మధుసూదన్ రంపం దించలేదు.

కిటికీలోంచి విమలమ్మ గొంతు లేచింది. "లొల్లి బంద్ జేయుండ్రి! నా రేకు ఇప్పుండ్రి, మళ్ల బిగించి పోవాలె. ముందుగాల గా పాల ప్యాకెట్ ఇటియ్యుండ్రి, చాయ్ లేక పరేషానున్న!"

రేకు ఊడింది. రాకెట్ ఒక చెంప స్తంభానికి గీరుకుని, రెండు గొట్టాలతోనూ మండపం చేరింది. సాయంత్రానికి గణపతిని దాని నెత్తిన కూర్చోబెట్టారు. తోసి తోసి చేతులు బొబ్బలెక్కిన మధుసూదన్ ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

"ఏమన్న అను అన్నా, రాకెటంటే సన్నగుండాలె. గింత లావెందుకే?"

"లేపాల్సింది ఎలుకను కాదురా, గా బొజ్జ గణపయ్యను!"