నేను మార్చి చదివిన ఉత్తరాలు

మా చర్చిలో ఆదివారం వాక్యం చదివేది నేనే. ఇరవయ్యేళ్లు చదివాను. బళ్లో పాఠాలు చెప్పి చెప్పి గొంతు గట్టిపడింది కాబట్టి, వెనక చాపల మీద కూర్చున్న ముసలమ్మలకి కూడా వినపడేది. ఒక్క పొల్లు పోనిచ్చేవాణ్ణి కాదు. ఎవరైనా నా బదులు చదువుతూ ఒక మాట మింగేస్తే ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర పట్టుకునేవాణ్ణి. "రాసింది రాసినట్టు చదవడానికేం రోగంరా నీకు?" అని కడిగేసేవాణ్ణి. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఎందుకంటే అదే రోజుల్లో, అదే గొంతుతో, నా కొడుకు ఉత్తరాలు మా అరుగు మీద కూర్చుని మార్చి చదివాను.

మావాడు నేవీలో చేరింది ఎనభైల మొదట్లో. ఇంటరు రెండుసార్లు తప్పాడు. మూడోసారి కట్టరా అంటే వినకుండా విశాఖపట్నం పోయి, పరుగుల్లో నెగ్గి, పళ్లూ కళ్లూ చూపించుకుని, సెలెక్టయ్యానంటూ తిరిగొచ్చాడు. వాళ్లమ్మ ఏడ్చింది. నేను మాత్రం కాలరెగరేశాను. తెల్లబట్టలు, టోపీ, ఓడ! నర్సీపట్నం నుంచి మిలటరీకి పోయినవాళ్లు ఉన్నారు గానీ, మా పేటలో నేవీ అంటే మావాడితోనే మొదలు.

ఆరు నెలలకి బొంబాయి నుంచి పెద్ద ఉత్తరం వచ్చింది. అరుగు మీద కూర్చుని విప్పాను. మా ఆవిడ బియ్యం చేట పక్కన పెట్టి వచ్చి కూర్చుంది. పక్కింటి టైలరూ, అతని భార్యా వచ్చారు. ఉత్తరం వస్తే చుట్టుపక్కలవాళ్లందరూ వినడం అప్పట్లో మామూలే. మా ఆవిడకి చదువు రాదు. కృష్ణదేవిపేట అవతల పొలం పనుల్లో పెరిగిన మనిషి. ఊరి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన మేస్టారు సొంత పెళ్లానికి ఎందుకు దిద్దించలేదయ్యా అని మీరడగొచ్చు. నన్ను నేనూ అడుక్కున్నాను. చాలా ఆలస్యంగా అడుక్కున్నాను.

ఉత్తరంలో ఇలా ఉంది: నన్ను వంట బ్రాంచిలో వేశారు నాన్నా. ఓడలో వాళ్లకి వండిపెట్టే పని. నాకు బాగానే ఉంది. అమ్మకి చెప్పు, నవ్వుతుంది.

నేను పైకి చదివింది: "నన్ను ఫిరంగుల దగ్గర వేశారు నాన్నా."

ముందుగా అనుకుని చేసిన పని కాదు. కళ్లు ఒకటి చూశాయి, నోరు ఇంకోటి పలికింది. మా నాన్న మిషను బంగళాలో కుసినీవాడు, అంటే దొరలకి వంట చేసేవాడు. బళ్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాడు లేడు. "ఒరే కుసినీ" అనేవారు. నా చొక్కా వాసన చూసి, ఈ పూట దొరగారు ఏం తిన్నారో చెప్పి పకపకా నవ్వేవారు. అక్కణ్ణుంచి 'మేస్టారు' అనిపించుకునేసరికి నా తల నెరిసింది. ఇప్పుడు నా కొడుకు పోయి పోయి మళ్లీ గరిటె పట్టాడా! అది కూడా ఆ టైలరు ముందు చదవాలా! నా వల్ల కాలేదు.

అబద్ధానికి కాళ్లు లేవంటారు గానీ, నాది బ్రహ్మాండంగా నడిచింది. ఆ ఆదివారమే పాస్టరు గారు "ఫిరంగుల దగ్గరున్న మా బిడ్డను కాపాడు ప్రభువా" అని ప్రార్థన చేశారు. సంఘమంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను, అందరికంటే గట్టిగా. టైలరు కొలతలు తీసే మనిషి కదా, ఊరుకోడు.

"మేస్టారూ, ఒక్కో గుండూ ఎంతుంటాదండీ?"

"గుమ్మడికాయంత."

"మరి గురి ఎలాగ సూత్తారండీ?"

"అది మిలటరీ రహస్యం. చెప్పకూడదు."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. రహస్యం కన్నా మంచి జిగురు నాకు దొరకలేదు.

మా ఆవిడ మాత్రం గుండు సైజు అడగలేదు. "అంత మోతకి గుంటడి సెవులు ఏటైపోతాయోనండీ. దూది ఎట్టుకోమని రాయండి" అంది. రాస్తానన్నాను. రాయలేదు. ఉరిమినప్పుడల్లా ఆమె రెండు చేతులతో తన చెవులు మూసుకునేది.

తరవాత సెలవైనా ఇవ్వకుండా మావాణ్ణి రష్యా పంపేశారు. అక్కడ కట్టిన కొత్త ఓడ తీసుకురావడానికి మనవాళ్లు కొందరు వెళ్లి, ఏడాది పైగా ఉండి పని నేర్చుకుంటారట. బొంబాయి చిరునామాకి రాస్తే ఉత్తరాలు అక్కడికి చేరేవి. వాడు నాలుగేసి పేజీలు రాసేవాడు. మంచులో ఊపిరి పొగలా కనబడుతుందని, సముద్రం గట్టిపడి దాని మీద మనుషులు నడుస్తున్నారని. అవన్నీ ఉన్నదున్నట్టు చదివాను. వంట అన్నచోటల్లా ఫిరంగి పెట్టాను.

ఒక ఉత్తరంలో ఒక ప్రశ్న వచ్చింది. తెచ్చుకున్న చింతపండు అయిపోయింది నాన్నా. ఇక్కడ పులుపే దొరకదు. మనవైపు వాళ్లు పులుసు లేక కంచం దగ్గర మొహం వేలాడేసుకుంటున్నారు. కరువు రోజుల్లో చింతపండు లేకుండా అమ్మ పులుసు పెట్టేది కదా, అదెలాగో అడిగి రాయి.

నాకూ తెలుసు అదేమిటో. తరవాణి. గంజీ, బియ్యం కడుగునీళ్లూ కుండలో పోసి పులియబెడితే వచ్చే పుల్లటి నీళ్లు. మా చిన్నప్పుడు గతిలేని ఇళ్ల వాసన అది. నేను రాసిన జవాబు ఇది: అమ్మ క్షేమం. నువ్వు భయభక్తులు కలిగి ఉండు.

వాడు మళ్లీ అడిగాడు. నేను మళ్లీ భయభక్తులే పంపాను. మూడోసారి అడిగేసరికి నాకు ఒళ్లు మండింది. అప్పుడు రాసిన వాక్యం నేను చచ్చేదాకా నన్ను వదలదు: "వంట సంగతులు ఇక రాయకు. మీ అమ్మకి అవి వినడం ఇష్టం లేదు."

నా పేరు పెట్టి రాసే ధైర్యం కూడా లేకపోయింది. ఛీ!

ఆ తరవాత ఉత్తరాలు నాలుగు లైన్లకి దిగిపోయాయి. నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను. మా ఆవిడ నా చేతిలోంచి కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పేది.

"ఏటండీ, ఇంతేనా? యెనకపక్క ఏటీ నేదా?"

"పని ఎక్కువట."

"పని కాదండీ. గుంటడికి ఏటో అయ్యింది. సెవులు పోనాయేటో. మీకు తెలిసే దాత్తన్నారు."

నేను కసిరాను. తప్పు చేసినవాడికే కోపమెక్కువ. ఆమె శుక్రవారాలు ఉపవాసం మొదలుపెట్టింది. మోకాళ్ల మీద కూర్చుని, లేని ఫిరంగులు తన కొడుకు చెవులు పోగొట్టకుండా చూడమని దేవుణ్ణి బతిమాలుకునేది. పక్క గదిలో కూర్చుని పిల్లల కాంపోజిషన్లు దిద్దుతూ నేను వినేవాణ్ణి. ఒక్క మాట చెప్తే ఆ ఏడుపు ఆగిపోయేది. చెప్పలేదు.

అలా ఏడాది గడిచాక, వాడితో పాటే రష్యాలో ఉన్న ఒకతను సెలవు మీద వచ్చాడు. ఎస్. రాయవరం అతను, ఓడ ఇంజన్లో పని. మావాడు అమ్మకి పంపిన ఊలు తలగుడ్డ ఇవ్వడానికి మధ్యాహ్నం వేళ మా ఇంటికి వచ్చాడు. మా ఆవిడ కూర్చోబెట్టి అన్నం పెట్టింది. అతను మొదటి ముద్ద ఎత్తకముందే అడిగింది.

"బాబూ, మావోడి సెవులు బాగున్నాయా?"

"సెవులకేటమ్మా?"

"అదే, ఫిరంగుల మోతకి."

అతను నవ్వేశాడు. "ఫిరంగులేటమ్మా! మావోడిది వంట గదా. మా అందరికీ ఆడే వండిపెడతన్నాడు."

నేను కుర్చీలో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆమె నావైపు తిరగలేదు. అతను పులుసు కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. 

"ఇదేనమ్మా మావోడి సెయ్యి. ఇదే రుసి. సింతపండు అయిపోనాక రోజూ మిమ్మల్నే తలిసేవోడు. 'మాయమ్మకి తెలుసురా, అడిగితే రాయట్లేదు. నేను గరిటె పట్టినానని మాయమ్మకి సిగ్గు' అనేవోడు. ఏటమ్మా, తప్పేటుంది సెప్పండి? ఆడే నేకపోతే ఆ సలిలో మేం సచ్చిపోదుం."

"తిను బాబూ" అంది ఆమె. ఇంకో గరిటె అన్నం వడ్డించింది. అతను తిన్నాక చేతులు తుడుచుకోవడానికి తువ్వాలిచ్చి, వీధి మలుపు దాకా నడిచి సాగనంపి వచ్చింది.

వచ్చి లోపలి నుంచి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. మావాడి ఉత్తరాలన్నీ అందులోనే ఉండేవి. ఎప్పుడూ నా పక్కన కూర్చునే మనిషి ఆ రోజు అరుగు మీద నాకెదురుగా కూర్చుంది.

"సదవండి. మొదటి నించి. ఏటుంటే అదే."

చదివాను. "అమ్మకి చెప్పు, నవ్వుతుంది" అన్నచోట ఆమె నవ్వలేదు. చర్చి అంతా మారుమోగే నా గొంతు, అరుగు మీద ఒక్క మనిషికి వినపడేలా పలకలేకపోయింది. చింతపండు ఉత్తరాలు మూడూ చదివేసరికి ఆమె చెయ్యెత్తి ఆపింది.

"తరవాణి అడిగేడా? మూడుసార్లా?"

"మూడుసార్లు."

"మీరేటి రాసేరు?"

చెప్పాను. వాక్యం మొత్తం చెప్పాను. జీవితంలో మొదటిసారి ఆమె దగ్గర ఒక్క పొల్లు దాచలేదు.

ఆమె ఊలు గుడ్డ ఒళ్లో పెట్టుకుని నిమిరింది. "సిగ్గా! నాకా! మీ అయ్య వండిపెడితేనే గదండీ మీకు సదువొచ్చింది. నేను వండింది తినేగదా రోజూ బడికెల్లేరు. నా సేతి పని ఆ గుంటడికి కూడెడతందంటే, వీధి వీధంతా సెప్పుకుందును. అది నాకు దక్కనివ్వనేదు మీరు. పైగా ఆడి సెవులు పోనాయని ఏడాది ఏడిసేను." అప్పుడు ఏడ్చింది.

తప్పయిపోయిందన్నాను. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుందును.

"నాకు కాదు, ఆడికి సెప్పండి. కాయితం తియ్యండి బేగి."

తీశాను. ఆమె చెప్పింది, నేను రాశాను. గంజి ఎంత, కడుగునీళ్లు ఎంత, గుప్పెడు అన్నం వెయ్యాలి. అక్కడ చలి కాబట్టి పులవదు, గిన్నెకి కంబళి గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టాలి, మూడో రోజు వాసన చూడాలి. పైన తేట మాత్రమే పులుసులో పొయ్యాలి, అడుగుది మళ్లీ తోడుకి ఉంచాలి. నాకు సిగ్గు లేదు నాయనా, ఎప్పుడూ లేదు. నువ్వు నాలాగే వండుతున్నావని ఆ బాబు చెప్పాడు.

అంతేనా అన్నాను.

"ఇంకోటి రాయండి. 'ఇది మీ నాన్నగోరు రాత్తన్నారు. నేను సెప్పినట్టే రాత్తన్నారో నేదో నాకు తెలవదు. నువ్వొచ్చినప్పుడు ఈ కాయితం అట్టుకురా. నువ్వు సదివి ఇనిపించు.'"

ఆ మాట కూడా ఒక్క పొల్లు పోకుండా రాశాను. చదివి వినిపించనా అని అడిగితే, అక్కర్లేదండీ అంది.